పడవ ఇంజనులో ఉష్ణదోష నిదానము

కొలిమిగుండ్ల ప్రాంతమున పడవ నడుచు నది యేదియు లేదు. నంద్యాల జిల్లా దక్షిణపు కొసను, తాడిపత్రికి పోవు బాటపై, నాపరాళ్ల గనులును, ఆ రాళ్లను కోసి నునుపుచేయు పాలిషు ఫ్యాక్టరీలును, ఇటీవల వెలసిన సిమెంటు కర్మాగారమును, భూగర్భమున బెలుం గుహలును గల ఈ మెట్టనేలలో నిలిచి పడవ ఇంజనును గూర్చి ప్రసంగింప బూనుట పాఠకులకు కొంత వింతగా తోపవచ్చును. అయినను, శ్రీశైలమున నిలిచిన కృష్ణాజలము పోతిరెడ్డిపాటి తూములు దాటి, బనకచెర్ల మీదుగా గోరకల్లు చేరి, అటనుండి కొలిమిగుండ్లకు పొరుగు మండలమైన అవుకునందలి జలాశయమును నింపి, పిమ్మట కొండను దొలిచిన సొరంగములగుండ పెన్నపైనున్న గండికోట వైపు సాగిపోవుచుండగా, ఒకప్పుడు చెరువునీటికే ముఖము వాచిన ఈ సీమలో విహారపు మరపడవను చూచుట ఇప్పుడు అపూర్వము కాదు. కాని ఈ అధ్యాయమునకు కొలిమిగుండ్లను తావుగా గైకొనుటకు అవుకు సామీప్య మొక్కటే హేతువు కాదు. పడవ ఇంజను కాగిపోవుటకు గల కారణములు పెక్కు. వానిలో కంటికి కానరానిదియు, కొలత పరికరమును సైతము వంచించునదియు నగు కారణ మొకటి గలదు. అది ఏ రాతినుండి పుట్టుచున్నదో ఆ రాతిమీదనే ఈ ఊరు నిలిచియున్నది.

ముందుగా వేడి లెక్క చూతము. డీసెలు నూనెలో నిక్షిప్తమైయున్న శక్తి యంతయు పడవను ముందుకు త్రోయుటకే వినియోగపడునని తలచుట భ్రమ. వేడిని పనిగా మార్చు ఏ యంత్రమైనను ఆ వేడిలో కొంత భాగమును చల్లని తావున విడిచిపెట్టక తప్పదని సాదీ కార్నో అను ఫ్రెంచి యువకుడు 1824లోనే చూపెను. 1897లో జర్మనీ దేశపు ఔగ్స్‌బర్గ్ నగరమున రుడాల్ఫ్ డీసెల్ నిర్మించిన ఇంజనును పరీక్షించినప్పుడు నూనెలోని శక్తిలో నూటికి 26 వంతులు పనిగా మారినవి. నాటి సామాన్యపు ఆవిరియంత్రములు అందులో సగమునైనను అందుకొనజాలనివి కావున ఆ సంఖ్యయే విద్వల్లోకమున కాశ్చర్యము గొలిపినది. నేటి చిన్న పడవ ఇంజనులలో స్థూలముగా మూడవవంతు పనియై ప్రొపెల్లరును త్రిప్పును. మూడవవంతు పొగతో బయటికి పోవును. తక్కినదానిలో హెచ్చుభాగము సిలిండరు గోడలను దాటి, చల్లార్చు నీటిలో కలియును. అనగా 15 కిలోవాట్ల పనిచేయు ఇంజను, గుర్రపుబలములో చెప్పినచో సుమారు 20, ఇంచుమించుగా మరి 15 కిలోవాట్ల వేడిని ఎడతెగక నీటికి అప్పగించుచుండవలెను. ఆ అప్పగింత ఆగిన మరుక్షణమునుండి ఆ వేడి లోహమునందే పోగుపడును.

సిలిండరులో నూనె మండునప్పుడు జ్వాల 2000 డిగ్రీల సెల్సియస్ దాపునకు చేరును. పిస్టనుకు వాడు అల్యూమినియపు మిశ్రలోహము 660 డిగ్రీలకు లోపుననే కరగును. పోతయినుము 1200 డిగ్రీల దాపున కరగును. సిలిండరు గోడపై పలుచని పొరగా పరచుకొన్న కందెన నూనె వీనికంటె ఎంతో ముందుగనే తన జిగిని కోల్పోవును. తన ద్రవీభవన స్థానమును మించిన మంట నడుమ అల్యూమినియపు పిస్టను గంటలకొలది చెక్కుచెదరక ఆడుచున్నదనగా, ఆ మంట ప్రతి విస్ఫోటమునందును క్షణములో స్వల్పాంశము మాత్రమే నిలుచుటయు, గోడకు ఆవలివైపున నీరు నిలువక పారుచుండుటయు అందులకు కారణములు. కావున ఇంజను కాగినదనగా రెండింటిలో నొకటి జరిగియుండవలెను: పుట్టు వేడి పెరిగియుండవలెను, లేదా పోవు వేడి తగ్గియుండవలెను. అనుభవమున పదింట తొమ్మిదిమార్లు రెండవదియే నిజమగును. అందుచేత, నా మతమున, కాగిన ఇంజనును పరిశీలింప బూనినవాడు ఇంజనును విడిచి నీటిని వెంబడింపవలెను. అది ఎచట ప్రవేశించినది, ఎచట తిరిగినది, ఎంత వేడిని మోసికొని ఎచట వెడలినది అను ప్రశ్నలకు సమాధానము దొరకువరకు పానా చేతబట్టరాదు.

నేలమీది మోటారుబండికి గాలియే శరణ్యము. పడవకు అట్టి దైన్యము లేదు, అది చల్లని ద్రవముపైననే తేలుచున్నది. 1886లో గాట్లీబ్ డైమ్లర్ నెకార్ నదిపై తన పెట్రోలు ఇంజను పడవను నడిపిన నాటినుండి, నేటి విశాఖపట్టణపు చేపల రేవులోని మరపడవల వరకు, పాపికొండల నడుమ తిరుగు లాంచీల వరకు, ఈ సౌకర్యమును మనుష్యులు మూడు విధముల వాడుకొనుచున్నారు. మొదటిది, నదిలోని నీటినే నేరుగా తోడి, సిలిండరు గోడల చుట్టునున్న నీటిదారిలో, అనగా ఇంజను జాకెట్టులో త్రిప్పి, తిరిగి నదిలోనికే విడుచుట. రెండవది, జాకెట్టులో కొద్దిపాటి మంచినీటిని బంధించి వలయముగా త్రిప్పుచు, ఆ నీటి వేడిని కూలరు అను గొట్టముల పాత్రలో బయటినీటికి అప్పగించుట. ఇందు లోపలినీరును బయటినీరును పక్కపక్కనే ప్రవహించునే కాని కలియవు. మూడవది, లోపలినీటిని పడవ అడుగున అమర్చిన గొట్టములలోనికి పంపి, అచట నదీజలమే బయటినుండి దానిని చల్లార్చునట్లు చేయుట. బురదనీటిలో తిరుగు పడవలకు ఇది మిక్కిలి యనుకూలము. ఎట్టి పడవ ముందు నిలిచినను, ఇది ఈ మూటిలో ఏ జాతిదో తెలిసికొనక చేయు పరీక్ష వ్యర్థము.

మొదటి పద్ధతి పడవ యెరుగని రాయలసీమ రైతుకు సైతము కొత్త కాదు. విద్యుత్తు ఇంటింటికి రాకముందు బావులపై ఆయిలు ఇంజను పెట్టి నీరు తోడినవారు, పంపునుండి పైకివచ్చు నీటిలో కొంత సన్నని గొట్టముగుండ మళ్లించి ఇంజను జాకెట్టులోనికి పంపి, అచట వెచ్చనైన నీటిని తిరిగి కాలువలోనే కలిపెడివారు. బావి అడుగంటి పంపు గాలి పీల్చిన నాడు పొలము ఎండుటకు ముందే ఇంజను కాగెడిది. ఆ రైతునకు అవుకు జలాశయపు పడవను చూపినచో, నీటిపంపును చూచి తలయూపునే గాని, దానిలో తనకు తెలియని సూత్ర మేదియు కనుగొనడు.

ఇక నీటిలోని రాతి సంగతి. కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతముల నేల కర్నూలు శ్రేణికి చెందిన సున్నపురాతి పొరలతో ఏర్పడినది. ఈ శ్రేణిని గూర్చి విలియం కింగ్ 1872లో వెలువరించిన బృహద్గ్రంథము నేటికిని భూగర్భశాస్త్రజ్ఞులు తిరుగవేయునట్టిది. ఈ శ్రేణిలోని నార్జి సున్నపురాయి కడపజిల్లాలోని ఒక పల్లె పేరుమీదుగ ప్రసిద్ధమైనది. వాననీరు ఆకాశమునుండి దిగునప్పుడును, మట్టిలో వేళ్ల నడుమ ఇంకునప్పుడును బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము ఆమ్లగుణము పొందును. అట్టి నీరు సున్నపురాతిని, అనగా కాల్షియము కార్బొనేటును, బైకార్బొనేటుగా మార్చి తనలో కరగించుకొనును. ఇట్లు లక్షలాది వత్సరములు రాయి కరగగా కరగగా ఏర్పడిన బిలమే బెలుం గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీనిని గూర్చి వ్రాసెను. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మను బృందము దీనిని కొలిచెను. నేటికి తెలిసిన పొడవు 3229 మీటర్లు. 2002లో ప్రజలకు ద్వారములు తెరచిన ఈ గుహలో, నీరు రాతిని తినివేసిన చిహ్నములును, తిన్నదానిని తిరిగి కక్కిన చిహ్నములును ఒక్కచోటనే చూడవచ్చును. పైకప్పునుండి జారు నీటిబొట్టు గుహలోని గాలికి తన బొగ్గుపులుసు వాయువును వదలినంతనే, ఆ వాయువు బలమున ఇంతవరకు కరగియున్న సున్నపురాయి విడివడి, బొట్టు జారిన చోటనే గట్టిపడును. ఒక మిల్లీమీటరు పెరుగుటకు పలు సంవత్సరములు పట్టు ఈ నిర్మాణమును చూచి యాత్రికులు ముగ్ధులగుదురు.

అదియే రసాయనక్రియ ఇంజను జాకెట్టులో జరిగినచో సరంగుకు కన్నీరు తెప్పించును. అచట బొగ్గుపులుసు వాయువును వెడలగొట్టునది గాలి కాదు, వేడి. పైగా ఉప్పు, చక్కెర మొదలగునవి నీరు వేడెక్కిన కొలది ఎక్కువగా కరగుచుండగా, కాల్షియము కార్బొనేటు మాత్రము నీరు వేడెక్కిన కొలది తక్కువగా కరగును. ఈ విపరీత గుణముచేత అది జాకెట్టులో ఎక్కడబడిన అక్కడ పేరుకొనదు. ఏ గోడ మిక్కిలి వేడిగానున్నదో, ఏచోట చల్లదనము మిక్కిలి అవసరమో, ఎగ్జాస్టు వాల్వుల చుట్టునున్న ఆ సన్నని దారులలోనే తెల్లని పెంకుగా గట్టిపడును. యాదృచ్ఛికముగా జరుగు దోషములలో ఇంత గురిచూచి కొట్టునది నాకు మరియొకటి తెలియదు.

దీని పరిమాణమును ఊహింప ఒక లెక్క వేయుదము. నిమిషమునకు 15 లీటర్ల బయటినీటిని త్రాగు ఇంజను దినమునకు ఆరు గంటలు నడచినచో 5400 లీటర్ల నీరు దానిగుండ పోవును. లీటరునకు 200 మిల్లీగ్రాముల సున్నపురాయి కరగియున్నదనుకొన్న, ఒక్క దినమున 1080 గ్రాముల రాయి ఇంజనులో ప్రవేశించి వెడలుచున్నదన్నమాట. అందులో నూరవవంతు మాత్రమే లోపల నిలిచినను దినమునకు సుమారు 11 గ్రాములు. నూరు దినములకు ఒక కిలోగ్రాము దాటును. ఆ కిలోగ్రాము ఘనపరిమాణము నాలుగువందల ఘనసెంటీమీటర్లకు కొంచెము తక్కువ. దానిని నాలుగువేల చదరపు సెంటీమీటర్ల జాకెట్టు గోడపై సమముగా పరచినచో మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరు వచ్చును. అంకెలు నీటినిబట్టి మారును. కృష్ణాజలము బోరునీటికంటె కాఠిన్యము తక్కువగలదే. లోపలి ఉష్ణమును తగ్గించియుంచినచో నూరవవంతు సైతము నిలువకపోవచ్చును, ఉప్పునీటిని నేరుగా త్రాగు సముద్రపు ఇంజనులను 60 డిగ్రీల దాపుననే నడుపుటకు కారణ మిదియే. అయినను లెక్క చూపు దిక్కు మాత్రము నిజము.

ఒక మిల్లీమీటరేగదా అని ఉపేక్షింపరాదు. పోతయినుము వేడిని ప్రసరింపజేయు శక్తిలో ఈ పెంకు సుమారు ఇరువదియైదవ వంతు మాత్రమే గలది. అనగా ఒక మిల్లీమీటరు పెంకు, 25 మిల్లీమీటర్ల ఇనుప గోడను అదనముగా కట్టినంత అడ్డు. సిలిండరుహెడ్డులోని వేడి స్థలములందు చదరపు మీటరునకు 100 కిలోవాట్ల చొప్పున వేడి దాటుచుండునెడల, ఈ పలుచని పొర యొక్క ఇరుప్రక్కల నడుమ ఉష్ణోగ్రతాభేదము 50 డిగ్రీలగును. అంటే నీరు మునుపటివలెనే 80 డిగ్రీలకడ నున్నను, దాని వెనుకనున్న లోహము 50 డిగ్రీలు ఎక్కువగా కాగుచుండును. ఉష్ణమాపకపు ముల్లు కొలుచునది నీటినే కాని లోహమును కాదు. కావున అది పచ్చగీతపైననే నిశ్చలముగా నిలిచియుండగా, హెడ్డు బీటలువారును. ముల్లు ఆరోగ్యముగా నున్నది కనుక ఇంజను ఆరోగ్యముగా నున్నదని నమ్మువారు ఈ సంగతి గ్రహింపవలెను. మరియొక వంచన గలదు: నీరు కారిపోయి జాకెట్టు ఖాళీయైనప్పుడు, కొలతమొన నీటిలోగాక ఆవిరిలోనో గాలిలోనో వ్రేలాడుచు, ఉన్నదానికంటె తక్కువ చూపవచ్చును. ముల్లు హఠాత్తుగా క్రిందికి జారుట సైతము అపాయచిహ్నమే.

ఇట్టి చోట నిదానమునకు రెండు కొలతలు చాలును, రెండింటికిని అధిక వ్యయము లేదు. పడవ వెనుక గొట్టమునుండి వెలువడు నీటిని బక్కెటులో పట్టి ఒక నిమిషమున ఎన్ని లీటర్లు నిండినవో చూచుట మొదటిది. లోనికి పోవు నీటికిని, వెలువడు నీటికిని నడుమ ఎన్ని డిగ్రీల భేదమున్నదో ఉష్ణమాపకముతో చూచుట రెండవది. మన ఉదాహరణలోని ఇంజను 15 కిలోవాట్ల వేడిని నిమిషమునకు 15 లీటర్ల నీటికి అప్పగించినచో ఆ నీరు సుమారు 14 డిగ్రీలు వేడెక్కవలెను. జలాశయము 30 డిగ్రీలకడ నున్నచో వెలువడునది 44. ఇంజను క్రొత్తదిగా, నిరోగిగా నున్ననాడే ఈ రెండంకెలను గోడపై వ్రాసియుంచిన సరంగు తరువాతి సంవత్సరములలో ఎంతో ధనమును మిగుల్చుకొనును.

ఇప్పుడు అంకెలు మాటలాడును. ప్రవాహము సగమునకు పడి, ఉష్ణభేదము 28 డిగ్రీలకు ఎగబాకినచో, దోషము నీటిదారిలో నున్నది. ఇంజను తన వేడిని సక్రమముగా ఇచ్చుచునే యున్నది, పుచ్చుకొనువాడే తగినంత రాలేదు. ప్రవాహము నిండుగా నుండియు భేదము పెరిగినచో ఇంజనే అధికముగా వేడిని పుట్టించుచున్నది. ప్రవాహమును నిండుగా, బయటినీటి భేదమును ఎప్పటియంతే లేక తక్కువగా నుండి, లోపలి వలయము మాత్రము కాగుచున్నచో, వేడి ఒక నీటినుండి మరియొక నీటికి దాటుచోట అడ్డు ఏర్పడినది: కూలరు గొట్టములలో పెంకో, ఒండ్రో, లేదా లోపలినీరు తిరుగకుండుటయో. ఇంతటి విభజనకు విప్పవలసిన బోల్టు ఒక్కటియు లేదు. మంచి వైద్యుడు నాడి చూచి, మూత్రవర్ణము విచారించి, అటుపిమ్మటనే ఔషధపేటిక తెరచును; మన మెకానిక్కులలో పలువురు పేటికయే ముందు తెరతురు.

నీటిదారిలో దోషమని తేలినప్పుడు ప్రవాహపు దిశలోనే నడువవలెను. పడవ అడుగునున్న ప్రవేశద్వారమును ప్లాస్టిక్కు సంచియో, నాచో, గుర్రపుడెక్క వేళ్లో మూయవచ్చును; అట్టి సందర్భమున ఉష్ణము నిమిషములలో పెరుగును, వెనుకకు నడిపినంతనే ఒక్కొక్కప్పుడు తానై తొలగును. వేసవిలో జలాశయము తగ్గి ఒడ్డున బురద తేలినప్పుడు పంపు నీటితోపాటు ఒండ్రును పీల్చును. ఆ ఒండ్రు జాకెట్టు అడుగుభాగమున దిగబడి, క్రింది సిలిండరుభాగమును కప్పివేయును. తరువాతిది జల్లెడ, దాని మూత సరిగా బిగియకున్నచో నీటికి బదులు గాలి దూరును, పంపు శబ్దము మారును, వెనుక గొట్టమునుండి నీరు ధారగా గాక ఉమిసినట్లు తెరలుతెరలుగా పడును. పీల్చు హోసుపైపు పాతబడి మెత్తనైనచో, నిదానముగా నడుచునప్పుడు బాగుగనే యుండి, వేగము పెంచినప్పుడు పీల్పునకు చప్పిడియై దారి మూసికొనును. ఇంజను ఆపి చూచువానికి అది మరల గుండ్రముగా కనబడుటచే ఈ దోషము పెక్కుమందిని ఏమార్చినది. వేగమందు మాత్రమే కాగు ఇంజనులో దీనిని తప్పక అనుమానింపవలెను. నడుచుచుండగా దానిపై చేయివేసి చూచుటయే పరీక్ష.

పంపు హృదయము ఇంపెల్లరు. రబ్బరు రెక్కలుగల ఈ చిన్న చక్రము వంకరగానున్న గదిలో తిరుగుచు, ఒకప్రక్క రెక్కలు విచ్చుకొనగా నీటిని పీల్చి, మరియొక ప్రక్క అవి వంగగా నీటిని నెట్టివేయును. ఆ రబ్బరునకు కందెనయు నీరే, చల్లదనమును నీరే. నీరులేక తిరిగినచో స్వల్పకాలములోనే రెక్కలు కాలి తెగిపోవును. తెగిన రెక్కలకు బదులు క్రొత్త ఇంపెల్లరు వేసి పని ముగిసినదనుకొనువారు సగము పనియే చేసినవారు. పాతదానిలో ఎన్ని రెక్కలు పోయినవో లెక్కించి, ఆ ముక్కలన్నియు చేతికి దొరకువరకు గొట్టములను, కూలరు ముఖమును వెదకవలెను. దొరకని ముక్క ఎక్కడనో అడ్డుపడియేయుండును. పడవ వెనుక తగిలించు ఔట్‌బోర్డు ఇంజనులలో ప్రక్కరంధ్రమునుండి సన్నని నీటిధార బయటికి చిమ్ముచుండుట పంపు పనిచేయుచున్నదనుటకు సాక్ష్యము. ధార నిలిచినచో ముందుగా ఆ రంధ్రమును సన్నని తీగతో శుభ్రముచేసి చూచి, అప్పటికిని రాకున్న పంపును అనుమానింపుడు. ఇక ప్రవాహపు తుదిభాగమున, పొగతో నీరు కలియు ఎగ్జాస్టు వంపు గలదు. మసియు లవణములును పేరుకొని దాని లోపలిదారి ఇరుకగును. అన్ని భాగములును మార్చి విసిగిన పిదప దీనిని విప్పి చూచువారే యెక్కువ.

లోపలి వలయమునందు థర్మోస్టాటును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మైనపు గుళిక వేడికి ఉబ్బి ద్వారమును తెరచు ఈ చిన్న పరికరము చాల మంచినీటి వలయములలో 70, 80 డిగ్రీల నడుమ తెరచుకొనునట్లు నిర్మింపబడును. అది మూసికొనిపోయి తెరచుకొననిచో ఇంజను కాగును, సందేహము లేదు. దానిని తీసి, గిన్నెలోని నీటిలో దారమున వ్రేలాడదీసి, ప్రక్కన ఉష్ణమాపకముంచి, నీరు కాచి చూచిన ఎన్ని డిగ్రీలకు తెరచుకొన్నదో కంటికే కనబడును. ఇంత సులభమైన పరీక్ష యుండగా, ఈ యెండలకు ఇదెందుకని దానిని తీసి పారవేయుట మనవైపు ఒక ఆచారమైనది. ఇది తప్పని నిష్కర్షగా చెప్పుచున్నాను. చల్లగా నడుచు ఇంజనులో నూనె సరిగా మండక సిలిండరు గోడలు కడిగివేయబడును, కందెన నూనెలో తేమ చేరి ముద్దకట్టును. అంతేగాక కొన్ని నిర్మాణములలో థర్మోస్టాటు తెరచుకొనునప్పుడే ప్రక్కదారిని మూయును కావున, దానిని తొలగించినచో వేడినీరు కూలరును చేరక ప్రక్కదారినే తిరుగుచు, కాగుట మాన్పబోయి కాగించినట్లగును.

ఎండను నిందించుటయు ఇట్టిదే. నంద్యాల వేసవి యెట్టిదో ఈ ప్రాంతీయులకు చెప్పనక్కరలేదు. కాని ఓడలకు యోగ్యతాపత్రమిచ్చు అంతర్జాతీయ సంస్థలు గాలి 45 డిగ్రీలును, సముద్రజలము 32 డిగ్రీలును ఉండునని ఎంచియే ఇంజను శక్తిని లెక్కింతురు. నిన్నటివరకు ఇదే యెండలో బాగుగా నడచిన ఇంజను నేడు కాగినచో నేరము సూర్యునిది కాదు.

ఇంజనే అధికముగా వేడి పుట్టించుచున్నదని అంకెలు చెప్పినప్పుడు ముందు ప్రొపెల్లరును చూడుడు. నైలాను త్రాడో, చిరిగిన వలయో చుట్టుకొన్నచో, లేక ఎక్కువ ఏటవాలుగల ప్రొపెల్లరు బిగించియున్నచో, ఇంజను తన పూర్తివేగము నందుకొనలేక నల్లని పొగ వదలుచు శ్రమపడును. తెల్లనిపొగ వేరు, అది చల్లారినకొలది గాలిలో కరగిపోవు ఆవిరియైనచో, హెడ్డు గాస్కెటు పోయి నీరు సిలిండరులోనికి జారుచున్నదని అనుమానింపవలెను. దీనికి తోడు, చల్లని ఇంజనును మూత తీసి నడిపినప్పుడు లోపలినీటిలో బుడగలు ఎడతెగక లేచుచున్నను, ఎక్కడను కారకయే నీరు దినదినము తగ్గుచున్నను, కందెన నూనె తెల్లబారి చిక్కబడినను, ఇంక సందేహించి ప్రయోజనము లేదు. "నీళ్లు తాగుతోంది" అని మెకానిక్కు లనునది ఈ స్థితినే. గాస్కెటు పోవుట తరచు కాగుటకు కారణము కాక ఫలమైయుండునని మరువరాదు. మొదటి కారణమును వెదకక గాస్కెటు మాత్రము మార్చినచో అది మరల పోవును.

నీటినడుమ ముల్లు పైకి లేచినప్పుడు చేయవలసినది కొంచెమే. వెంటనే వేగము తగ్గించి, వెనుక గొట్టమున నీరు పడుచున్నదో లేదో చూడవలెను. పడుచున్నచో కొంతసేపు భారము లేకుండ నిదానముగా నడువనిచ్చి, ఆ పిదప ఆపవచ్చును. పడకున్న, వెంటనే ఇంజనును ఆపి, పడవను ఒడ్డుకో నిలుకడకో చేర్చవలెను. కాగిన లోహముపై చన్నీరు పోయరాదు, బీటలువారును. మూత విప్పుటను గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. మూత లోపల పీడనము బయటికంటె మరియొక వాతావరణమంత ఎక్కువయైనచో నీరు 120 డిగ్రీలవరకు మరుగదు. అట్టి వలయములో 20 లీటర్ల నీరు 110 డిగ్రీలకడ నున్నప్పుడు మూత తీసినచో, అందు నూటికి రెండు పాళ్లకు లోపుననే ఆవిరియైనను, ఆ ఆవిరి ఆరువందల లీటర్లగును. అది వెలువడు దారి మూత తీసినవాని ముఖము వైపుననే యుండును. చేతితో తాకగలిగినంత చల్లబడువరకు ఎవరు తొందరపెట్టినను ఆగవలసినదే.

పెంకు పట్టిన కూలరును బాగుచేయుట రసాయనశాస్త్రము తెలిసినవారికి కష్టము కాదు. సున్నపురాతిని గుర్తింప భూగర్భశాస్త్రజ్ఞుడు ఆమ్లపు చుక్క వేసి నురుగును చూచినట్లే, నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిని కూలరులో నింపినచో పెంకు నురుగై బొగ్గుపులుసు వాయువును వదలుచు కరగిపోవును. నురుగు ఆగినదనగా పెంకు తీరినది, లేక ఆమ్లము తీరినది, మరల పోసి చూడవలెను. తీవ్రమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లము త్వరగా పనిచేయునని పోయువారు, పెంకుతోపాటు లోహమును సైతము పోగొట్టుకొందురు. అల్యూమినియపు భాగములకు కాస్టిక్ సోడాయును శత్రువే. పని ముగిసిన పిమ్మట వలయమును మంచినీటితో పలుమారులు కడుగవలెను.

నాపరాతి నేల నీటిపై తిరుగు మరపడవకు బయటినీటిని నేరుగా త్రాగు ఇంజనుకంటె మూసిన వలయముగల ఇంజనే తగినదని నా తీర్పు. ఇరువది లీటర్ల బోరునీరు లీటరునకు 400 మిల్లీగ్రాముల రాతిని మోసినను లోపల చేరునది 8 గ్రాములే, అది లెక్కింపదగినది కాదు. కాని కారుచున్న హోసును బాగుచేయక దినమునకొక లీటరు అదే నీటిని కలుపుచు పోయినచో నూరు దినములకు మరి 40 గ్రాములు చేరును, అదియు మిక్కిలి వేడిచోటనే చేరును. కావున ఓ సరంగులారా, ముందు కారుట మాన్పుడు. లోపలి వలయమున వాననీటినిగాని, బ్యాటరీలకు పోయు శుద్ధజలమునుగాని తగిన కూలెంటుతో కలిపి పోయుడు. బోరునీటిని మాత్రము పోయకుడు.